ఆత్మ కానప్పుడు కర్మఫలం ఎవరికి?

ప్రశ్న: బుద్ధుడు ఆత్మను కాదన్నాడని, కర్మను, పునర్జన్మను మాత్రం అంగీకరించాడని చదివాను. అనుభవించేవాడే లేకపోతే చేసిన కర్మకు ఫలం ఎవరికి చెందుతుంది? ఈ రెండు మాటలకూ పొంతన ఎలా కుదురుతుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సరిగ్గా ఈ సందేహమే బుద్ధుని సమక్షంలో ఒక భిక్షువుకు కలిగింది. శ్రావస్తిలోని పూర్వారామంలో ఒక పున్నమి రాత్రి బోధ సాగుతుండగా, ‘రూపం (శరీరం), వేదన (సుఖదుఃఖాల అనుభూతి), సంజ్ఞ (గుర్తింపు), సంస్కారాలు (సంకల్పాలు), విజ్ఞానం (ఎరుక) – మనిషిగా కనిపించే ఈ ఐదు స్కంధాలూ (రాశులూ) అనాత్మ (ఆత్మ కానివి) అయినప్పుడు, అనాత్మ చేసిన కర్మలు ఏ ఆత్మను తాకుతాయి?’ అని అతడు మనసులో అనుకున్నాడని బుద్ధుని బోధల పాలీ సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని మహాపుణ్ణమ సుత్తం చెబుతుంది. ఆ ఆలోచనను గ్రహించిన బుద్ధుడు సిద్ధాంత చర్చకు దిగకుండా భిక్షువులనే ప్రశ్నించాడు. రూపం నిత్యమా, అనిత్యమా? అనిత్యమైనది సుఖమా, దుఃఖమా? అనిత్యమై, దుఃఖమై, మారిపోయే స్వభావం కలిగినదాన్ని ‘ఇది నాది, ఇది నేను, ఇది నా ఆత్మ’ అని తలచడం తగునా? తగదని వారే ఒప్పుకున్నారు. తక్కిన నాలుగు స్కంధాల విషయంలోనూ అంతే.

వారణాసి దగ్గరి ఇసిపతనంలో మొదటి ఐదుగురు శిష్యులకు చేసిన అనత్తలక్ఖణ (అనాత్మ లక్షణం) బోధలో మరొక తర్కం కూడా ఉంది. రూపమే ఆత్మ అయితే అది రోగానికి గురికాకూడదు, ‘నా రూపం ఇలా ఉండాలి, అలా ఉండకూడదు’ అంటే అలాగే జరగాలి. జ్వరం వచ్చిన రోజున మన ఒంటికి మనం ఎంత చెప్పినా వినదు కదా! నా దృష్టిలో అనాత్మవాదంలోకి ప్రవేశించడానికి ఇంతకన్నా సూటి మార్గం లేదు.

అయితే ‘ఆత్మ లేదు’ అన్న ప్రకటనే బుద్ధుని బోధ అని కుదించి చెప్పేవారితో నేను ఏకీభవించలేను. ఆత్మ ఉందా, లేదా అని వచ్ఛగోత్రుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు ఆయన రెంటికీ మౌనమే వహించాడు. ఉందంటే ఆత్మ నిత్యమనే శాశ్వతవాదులతో, లేదంటే మరణంతో అంతా నశిస్తుందనే ఉచ్ఛేదవాదులతో చేరినట్లవుతుందని, పైగా ఆ మనిషి మరింత అయోమయంలో పడతాడని తరువాత తన శిష్యుడు ఆనందునికి వివరించాడు.

ఇక మీ ప్రశ్నలోని ‘ఎవరికి’ సంగతి. రాజగృహంలో అచేల కాశ్యపుడనే దిగంబర సన్యాసికి ఇచ్చిన సమాధానంలో, చేసినవాడే అనుభవిస్తాడంటే శాశ్వతవాదమని, ఒకడు చేస్తే వేరొకడు అనుభవిస్తాడంటే ఉచ్ఛేదవాదమని చెప్పి, ఆ రెండు అంతాలనూ విడిచి అవిద్య వల్ల సంస్కారాలు, సంస్కారాల వల్ల విజ్ఞానం అంటూ కార్యకారణ క్రమాన్ని బోధించాడు. చేతననే, అంటే సంకల్పాన్నే, తాను కర్మ అంటున్నానని కూడా ఆయన అన్నాడు. కోపంతో తలపెట్టిన పని ఆ కోపం పుట్టిన చిత్తసంతతినే (ఎడతెగని మనసు ప్రవాహాన్నే) మలుస్తుంది, ఫలం అక్కడే పండుతుంది. అందుకు లోపల మార్పులేని యజమాని ఒకడు కూర్చుని ఉండనవసరం లేదు.

విజ్ఞానమే ఆ యజమాని స్థానంలో ఉండి జన్మ నుంచి జన్మకు ప్రయాణిస్తుందని అనుకోవడానికీ వీలు లేదు. ఆ మాట అన్న సాతి అనే భిక్షువును బుద్ధుడు తీవ్రంగా మందలించి, కంటినీ రూపాన్నీ ఆశ్రయించి పుట్టేది చక్షుర్విజ్ఞానమని, చెవినీ శబ్దాన్నీ ఆశ్రయించి పుట్టేది శ్రోత్రవిజ్ఞానమని, ప్రత్యయం (ఆధారమైన కారణం) లేకుండా విజ్ఞానం పుట్టదని స్పష్టం చేశాడు.