బ్రెంట్‌ఫర్డ్ నుంచి టెడింగ్టన్‌కి నారోబోట్‌లో వెళ్లాలంటే పోటు ఎలా చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మిత్రుడి 57 అడుగుల నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి, పొడవాటి పడవ) నాలుగు రోజులు మీ చేతికి వస్తోంది. లండన్ పడమటి అంచున అక్స్‌బ్రిడ్జిలో ఎక్కి, గ్రాండ్ యూనియన్ కాలువలో బ్రెంట్‌ఫర్డ్ దాకా వచ్చి, అక్కడ థేమ్స్‌లోకి దిగి టెడింగ్టన్, ఆపైన హాంప్టన్ కోర్ట్ వెళ్లాలని మీ ఆలోచన. ఇద్దరు పిల్లలు కూడా వస్తున్నారు. "శనివారం పొద్దున తొమ్మిదికి నదిలోకి దిగుదామనుకుంటున్నాం, సరిపోతుందా?" అని అడిగారు.

తొమ్మిది అన్నది మీరు ముందే ఖాయం చేసుకునే మాట కాదండీ. ఆ టైము పోటు చెప్పాలి, దాన్నిబట్టి మీ సెలవు సర్దుకోవాలి. మేం ఆ దారిలో మూడుసార్లు వెళ్లొచ్చాం, నాలుగోసారి బ్రెంట్‌ఫర్డ్ దాకా వచ్చి నదిలోకి దిగకుండానే వెనక్కి తిరిగాం. ఆ నాలుగుసార్లలో నేర్చుకున్నది చెబుతాను.

కాలువలో నీళ్లు కదలవు. ఎప్పుడు బయల్దేరినా ఒకటే. బ్రెంట్‌ఫర్డ్‌లో థేమ్స్ లాక్ దాటిన క్షణం నుంచి మీరు సముద్రపు పోటు వచ్చే నదిలో ఉంటారు. టెడింగ్టన్ లాకు దగ్గర ఆ పోటు ఆగిపోతుంది. మధ్యలో ఉన్నది సుమారు 5 మైళ్లే. పోటు వెనక నుంచి తోస్తుంటే గంటా గంటంపావులో వెళ్లిపోవచ్చు. అదే పాటు తీస్తున్నప్పుడు, అంటే నీరు వెనక్కి సముద్రం వైపు తగ్గుతున్నప్పుడు ఎదురెక్కాలంటే, కాలువలో గంటకి 3, 4 మైళ్లు నడవడానికి అలవాటుపడ్డ ఇంజన్ మీద నమ్మకం పెట్టుకోవాలి. నేనైతే పెట్టుకోను.

ఒక పోటు నుంచి ఇంకో పోటుకి దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ శనివారం తొమ్మిదికి పోటు నిండితే వచ్చే శనివారం మూడు ప్రాంతంలో నిండుతుంది. అందుకే "పోయినసారి మా ఫ్రెండ్ తొమ్మిదికి దిగాడు" అన్న మాట మీకు పనికిరాదు. ఇంకో సంగతి: అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా పెద్దది. లండన్ బ్రిడ్జి దగ్గర అలాంటి రోజుల్లో నీటి మట్టం సుమారు 7 మీటర్లు ఎక్కి దిగుతుంది. ఆ పెద్ద పోట్లు అక్కడ మామూలుగా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య నిండుతాయి, మళ్లీ తెల్లవారుజామున అదే వేళకి. అష్టమి దాటాక వచ్చే పోటు మెత్తగా ఉంటుంది, ప్రవాహం జోరు తక్కువ. మొదటిసారి పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి మెత్తటి పోటు ఉన్న వారాన్నే ఎంచుకోండి.

ఇక లెక్క. పట్టికల్లో మామూలుగా లండన్ బ్రిడ్జి దగ్గర పోటు నిండే సమయం ఇస్తారు. బ్రెంట్‌ఫర్డ్, టెడింగ్టన్ వైపు అది ఇంచుమించు గంట ఆలస్యంగా నిండుతుంది. లండన్ బ్రిడ్జి దగ్గర 12 అయితే పైన ఒంటిగంట అనుకోండి. థేమ్స్ లాక్‌ని పోటు నిండడానికి 2 గంటల ముందు నుంచి నిండాక 2 గంటల వరకే నడుపుతారు, అదీ ముందుగా బుక్ చేసుకుంటేనే. దారిలో రిచ్‌మండ్ దగ్గర 1894లో కట్టిన అడ్డుగేట్లు ఉన్నాయి, వాటినీ అదే లెక్కన పోటుకి 2 గంటలు అటూ ఇటూ పైకి ఎత్తి ఉంచుతారు. మిగతా సమయంలో పక్కనున్న లాకులోంచి డబ్బు కట్టి వెళ్లాలి. కాబట్టి మన ఉదాహరణలో పదకొండున్నరకి థేమ్స్ లాక్ వదిలితే గేట్లు ఎత్తే ఉంటాయి, పోటు ఇంకా వెనక నుంచి తోస్తూనే ఉంటుంది, పావుతక్కువ ఒంటిగంట ప్రాంతంలో టెడింగ్టన్ చేరతారు. పోటు నిండకముందే చేరిపోవడం మంచిది. దారిలో ఏదన్నా ఆలస్యమైనా ఆ కాస్త సమయం చేతిలో మిగిలి ఉంటుంది.

ఈ లెక్కలో మేం మొదటిసారి గంట తప్పాం. వెళ్లేటప్పుడు బాగానే వెళ్లాం. తిరుగు ప్రయాణానికి నా దగ్గరున్న పట్టికలో 9:40 అని ఉంది. అది గ్రీనిచ్ టైము. వేసవిలో గడియారం గంట ముందుకి తిప్పుతారు కదా, ఆ గంట నేను కలపలేదు. సరిగ్గా 9:40కి టెడింగ్టన్ లాకులోకి పడవ పెట్టి, దిగువ తలుపులు తియ్యమని అడిగాను. లాకు కీపర్ పెద్దాయన ఏమీ అనకుండా నన్ను గట్టు మీదికి పిలిచి నీళ్లవైపు చూపించాడు. ఒక ఎండుటాకు, దాని పక్కనే తెల్లటి బాతు ఈక. రెండూ మెల్లగా లాకు వైపే, అంటే నదికి ఎదురుగా పైకి వస్తున్నాయి. నీళ్లు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి. మేం గంట ఆగాం. మా అబ్బాయి ఆ ఈకనే చూస్తూ కూర్చున్నాడు. అది ఒకచోట ఆగింది, రెండు మూడు నిమిషాలు అక్కడక్కడే తిరిగింది, తర్వాత నెమ్మదిగా కిందికి బయల్దేరింది. అప్పుడు దిగాం. అప్పట్నుంచి పట్టిక చూడగానే ముందు అది ఏ టైములో ఉందో వెతుకుతాను, గట్టు మీద నిలబడి నీళ్ల మీద తేలేదేదన్నా చూశాకే తాడు విప్పుతాను.

నేను గంట ముందు వచ్చాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది. అదే గంట ఆలస్యమైతే థేమ్స్ లాక్ మూసే సమయానికి బ్రెంట్‌ఫర్డ్ చేరలేకపోవచ్చు. నీరు తీసేశాక ఆ అంచుల్లో బురద బయటపడుతుంది, తర్వాతి పోటు దాకా పడవ అక్కడే ఉండిపోవాలి. పిల్లలతో ఆ పరిస్థితి తెచ్చుకోకండి.

తిరుగు ప్రయాణంలో అసలు కష్టం బ్రెంట్‌ఫర్డ్ మలుపు దగ్గర ఉంది. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మా పడవకి దెబ్బ తగిలింది ఇక్కడే. మీరు పాటుతోపాటు కిందికి వస్తుంటారు. ఎడమ పక్కన వాగులా సన్నటి దారి, అదే కాలువలోకి తిరిగే చోటు. దూరం నుంచి తేలిగ్గా కనబడదు. నేను కాలువలో తిప్పినట్టే చుక్కాని తోసి పడవ ముక్కుని అందులోకి దూర్చాను. లోపలి నీళ్లు కదలనివి, కాబట్టి ముక్కు నిలబడిపోయింది. వెనక భాగం ఇంకా నదిలోనే ఉంది, దాన్ని ప్రవాహం కిందికి లాగేసింది. పడవ అడ్డం తిరిగి, దాని పక్క భాగం దిగువ వైపు గోడకి గట్టిగా తగిలింది. లోపల అలమరలోని గిన్నెలన్నీ కింద పడ్డాయి, పాప ఏడ్చేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

చెయ్యాల్సింది ఏమిటంటే, ఆ దారి కనబడ్డాక దాన్ని దాటి కొంచెం కిందికి పోనివ్వండి. వెడల్పున్న చోట పడవని పూర్తిగా వెనక్కి తిప్పి, ముక్కు ప్రవాహానికి ఎదురుగా పెట్టండి. ఇంజన్ వేగం ప్రవాహానికి సమానమయ్యేలా ఉంచితే గట్టుతో పోలిస్తే పడవ కదలదు, కానీ చుక్కాని మాట మాత్రం వింటుంది. అప్పుడు కొద్దికొద్దిగా పైకి జరుగుతూ లోపలికి తిప్పండి. దీనికి తిరగడానికి సరిపడా చోటు, పది నిమిషాల సమయం కావాలి. లాకు మూసేస్తారేమో అన్న టెన్షన్‌లో ఉంటే ఈ ఓపిక రాదు. అందుకే టెడింగ్టన్ నుంచి నీరు నిలబడగానే బయల్దేరమంటాను, ప్రవాహం అప్పటికింకా జోరందుకోదు.

పట్టికలో లేనిది వాన. పట్టిక చంద్రుణ్ని, సూర్యుణ్ని చూసి ఏడాది ముందే వేసేది. పైన ఆక్స్‌ఫర్డ్ వైపు మూడు రోజులు కురిసిన వాన దానికి తెలియదు. పైనుంచి నీరు బాగా వస్తుంటే పోటు బలహీనపడుతుంది, పాటు ఎక్కువసేపు, ఎక్కువ జోరుగా సాగుతుంది. టెడింగ్టన్ పైన లాకుల దగ్గర ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ (అక్కడ నదిని చూసుకునే ప్రభుత్వ సంస్థ) బోర్డులు పెడుతుంది. పసుపు బోర్డు ఉంటే ప్రవాహం పెరుగుతోందనో తగ్గుతోందనో జాగ్రత్త చెబుతున్నట్టు. ఎరుపు బోర్డు ఉంటే ప్రవాహం తీవ్రంగా ఉంది, పడవ కదపొద్దని. మా నాలుగో ప్రయాణంలో బ్రెంట్‌ఫర్డ్‌లో ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు లేదు, పైన మాత్రం ఎర్ర బోర్డులు. ఇక్కడ ఎండగా ఉంది కదా అని ఒక్క క్షణం మనసు లాగింది, ఒప్పుకుంటాను. కానీ వెనక్కి తిరిగాం. మీరు బయల్దేరడానికి వారం ముందు నుంచీ వాన ఎక్కడ పడుతోందో చూస్తూ ఉండండి, మీ ఊళ్లో కాదు, నదికి పైన.

పడవ సంగతి క్లుప్తంగా. లంగరు ముందు భాగంలో, గొలుసుతో, తాడు చివర పడవకి కట్టి సిద్ధంగా ఉండాలి. పెట్టెలో మడిచి ఉన్న లంగరు ఇంజన్ ఆగిపోయినప్పుడు పనికిరాదు. ఇంజన్ ఆగడం అరుదేమీ కాదు: కాలువలో నెమ్మదిగా నడిచినన్నాళ్లూ డీజిల్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, నదిలో వేగం పెంచి అలల్లో ఊగగానే పైకి లేచి ఫిల్టర్‌ని మూసేస్తుంది. ఫిల్టర్ ముందే మార్పించండి, ఒకటి అదనంగా ఉంచుకోండి. వెనక ప్రొపెల్లర్ పైన చెత్త తీసే మూత బిగుతుగా ఉందో లేదో చేత్తో తాకి చూడండి, అది వదులైతే నీళ్లు నేరుగా ఇంజన్ గదిలోకి వస్తాయి. లైఫ్ జాకెట్లు పెద్దవాళ్లకీ, పిల్లలకీ, థేమ్స్ లాక్‌లోకి వెళ్లకముందే. మలుపుల్లో లోపలి అంచుకి దగ్గరగా పోకండి, మేట అక్కడే వేస్తుంది, లోతు బయటి వంపులో ఉంటుంది.

మిత్రుణ్ని రెండు విషయాలు అడగండి. ఇన్సూరెన్స్ పోటు నీళ్లకి వర్తిస్తుందా, మీరు నడిపితే వర్తిస్తుందా అన్నది మొదటిది. చాలా అద్దె పడవల కంపెనీలు ఈ నీళ్లలోకి అసలు వెళ్లనివ్వవు, దానికి కారణం ఉంది. రెండోది రేడియో. 45 అడుగులు దాటిన పడవకి పోటు థేమ్స్‌లో వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవల్లో మాట్లాడుకోడానికి వాడే రేడియో) ఉండాలి. బ్రెంట్‌ఫర్డ్, టెడింగ్టన్ మధ్య మాత్రమే వెళ్లేవాళ్లకి ఫోన్ చేసి చెప్పే వెసులుబాటు ఉంటుంది, లాకు బుక్ చేసేటప్పుడే వివరం కనుక్కోండి. టెడింగ్టన్ పైన కాలువ లైసెన్సు చెల్లదు, అక్కడి లాకులో కొద్దిరోజుల రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

మీ నాలుగు రోజుల్లో మొదటి రోజు పూర్తిగా బ్రెంట్‌ఫర్డ్ చేరడానికే పెట్టుకోండి. హాన్‌వెల్ దగ్గర వరసగా 6 లాకులున్నాయి, వాటికి ముందు రెండు, తర్వాత ఇంకొన్ని. చిన్నపిల్లలతో మాకు హాన్‌వెల్ ఒక్కటే రెండున్నర గంటలు పట్టింది. అదే రోజు పోటు అందుకోవాలని పరుగెత్తితే అలసిపోయి నదిలోకి దిగుతారు. బ్రెంట్‌ఫర్డ్‌లో థేమ్స్ లాక్‌కి ముందు వచ్చే గేజింగ్ లాకులకి పైనే రాత్రికి ఆపుకోండి, వాటి కింది నుంచి థేమ్స్ లాక్ దాకా పెద్ద పోటు రోజుల్లో నీళ్లు ఎక్కుతాయి.

లైమ్‌హౌస్ (తూర్పు లండన్‌లో కాలువ థేమ్స్‌లో కలిసే ఇంకో చోటు) వైపు నుంచి వెళ్లొచ్చా అని చివర్లో అడిగారు. టవర్ బ్రిడ్జి కింద నుంచి సొంత పడవలో పోవడం గొప్పగానే ఉంటుంది, కానీ మొదటిసారికి వద్దు. దూరం సుమారు నాలుగింతలు, రేడియో తప్పదు, ప్రయాణికుల పడవలు లేపే అలలు గోడలకి కొట్టుకుని మళ్లీ మీదికొస్తాయి. ఎప్పుడన్నా వెళ్లినా అనుభవం ఉన్న వేరే పడవలతో కలిసి వెళ్లండి.

వాన పడి ఎర్ర బోర్డులు పెడితే సెలవు పాడైందని బెంగ పెట్టుకోకండి. కౌలీ లాకు దాటాక బుల్స్ బ్రిడ్జి దగ్గర ఎడమకి వేరే కాలువలోకి తిరిగితే, లండన్ నడిమధ్యకి దగ్గర్లోని లిటిల్ వెనిస్ దాకా ఒక్క లాకూ లేదు. నాలుగోసారి మేం చేసింది అదే. బ్రెంట్‌ఫర్డ్ నుంచి ఆ లాకులన్నీ మళ్లీ ఎక్కాల్సి వచ్చింది. మీరు అక్స్‌బ్రిడ్జి నుంచే వస్తున్నారు కాబట్టి, బుల్స్ బ్రిడ్జి చేరేముందు రోజు రాత్రి బోర్డులు చూసుకుంటే ఆ శ్రమ కూడా తప్పుతుంది. మీ తేదీలు ఖాయమైతే ఇక్కడే రాయండి, పోటు లెక్క మీరు వేసింది, నేను వేసింది పక్కపక్కన పెట్టి చూద్దాం.