మానసిక సమస్యలకు మందు మొదలుపెట్టాక జ్వరం వస్తే డోలో వేసి చూడొచ్చా?

మీ తమ్ముడికి మానసిక సమస్యకు రిస్పెరిడోన్ అనే మందు మొదలుపెట్టి వారమైంది, రాత్రి నుంచి జ్వరం, వైరల్ అనుకోవచ్చా అని అడిగారు. ముందు అతని మోచేయి పట్టుకుని వంచి చూడండి. చెయ్యి మడతపడనంత బిగుసుకుపోయినా, మాట ముద్దగా వస్తున్నా, మనిషి అయోమయంగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేసి ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోయినా, తర్వాతి డోసు వేసే ముందు మందు రాసిన డాక్టరుతో మాట్లాడండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అన్నయ్య. మాది బోడుప్పల్. మే నెల ఎండలు, అతనేమో తిండీ నీళ్లూ సరిగా ముట్టడం లేదు. అలాంటి మందే అయిన హాలోపెరిడాల్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. జ్వరం వస్తే దగ్గర్లోని క్లినిక్‌లో వడదెబ్బ అన్నారు. ఆ ఎండలకు ఎవరైనా అదే అంటారు లెండి. కానీ ఒళ్లంతా చెమట, గుటక పడటం లేదు, మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది. వదిన పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. క్యాజువాలిటీలో జూనియర్ డాక్టరమ్మ పాత చీటీ చూడగానే సీపీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్తపరీక్ష) చేయించింది. న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అని, అంటే ఈ మందుల వల్ల వచ్చే ప్రాణాంతకమైన దుష్ప్రభావం అని తేలింది.

ఈ మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. ఒంటి వేడినీ, కండరాల బిగువునూ అదుపు చేయడంలో దానికీ పాత్ర ఉంది. అదుపు తప్పి బిగుసుకుపోయిన కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. మూత్రం రంగు అందుకే మారింది. ఆ మందు ఆపి, సెలైన్లు పెట్టి, ఒళ్లు చల్లబరిచి, డోపమైన్‌లా పనిచేసే బ్రోమోక్రిప్టిన్ ఇచ్చారు. కోలుకున్నాక కనీసం రెండు వారాలు ఆగాలని చెప్పి, వేరే మందు తక్కువ డోసుతో మొదలుపెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

ఇది చాలా అరుదు. వస్తే ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనో, డోసు పెంచినప్పుడో వస్తుంది. జ్వరం లేకుండా మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కనుగుడ్లు పైకి వెళ్లడం ఈ మందుల వల్లే వచ్చే వేరే సంగతి. చూసేవాళ్లకు చాలా భయం వేస్తుంది గానీ, ఆసుపత్రిలో ఫెనెర్గాన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా నిమిషాల్లో సర్దుకుంటుంది. ఇదే కోవకు చెందిన క్లోజపిన్ వాడేవాళ్లకు జ్వరమో గొంతునొప్పో వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి, తెల్లకణాలు పడిపోయే ప్రమాదముంది.

ఆసుపత్రిలో వాడుతున్న మందుల పేర్లన్నీ అడగకముందే చెప్పండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా డోపమైన్‌ను అడ్డుకునేదే.