బ్రేకప్ బాధ నిజంగా వ్యసనం లాంటిదేనా?

ప్రశ్న: ప్రేమలో తిరస్కరణ మీద చూసిన ఓ డాక్యుమెంటరీలో మెదడు స్కాన్లు చూపించి ఇదొక వ్యసనం అన్నారు. నిజమేనా? బయటపడేదెలా?

చాలావరకు నిజమే. ప్రేమపై పరిశోధించిన అమెరికన్ మానవశాస్త్రవేత్త హెలెన్ ఫిషర్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తమను వదిలేసిన మనిషినే ఇంకా ప్రేమిస్తున్న 15 మందికి ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే స్కాన్) తీస్తూ ఆ మనిషి ఫొటో చూపించారు. కొకైన్ యావతో ముడిపడిన, డోపమిన్ (కోరిక పుట్టించే మెదడు రసాయనం) పనిచేసే భాగాలు చురుగ్గా కనిపించాయి. కాదన్నాక కోరిక చల్లారకపోగా ఎందుకు ముదురుతుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. అయితే 15 మంది అంటే చిన్న లెక్క. స్కాన్‌లో వెలిగిన మచ్చ రోగనిర్ధారణ కాదు. డాక్యుమెంటరీలు కాస్త అతి చేసేది ఇక్కడే.

ఎక్కువమంది దెబ్బతినేది 'ఫ్రెండ్స్‌గా ఉందాం' దగ్గర. పది మెసేజ్‌లకు ఒక జవాబు వస్తే ఆశ చావదు, లాటరీ టికెట్ కొనేవాడిలాగే. అసలు జవాబే రాకపోతే మెల్లగా ఆగుతుంది. కాబట్టి స్టేటస్‌లు మ్యూట్ చేయండి, చాట్ ఆర్కైవ్ చేయండి. ఫొటోలు చెరిపేయడానికి మనసొప్పకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసి స్నేహితుడికి ఇవ్వండి. నెల తర్వాత ఒక్కసారి ప్రొఫైల్ చూసినా పాత బాధ తిరగబెట్టవచ్చు. అంతమాత్రాన మొదటికొచ్చినట్టు కాదు. విడిపోయి ఎక్కువ రోజులు గడిచినవాళ్ళలో అనుబంధానికి సంబంధించిన ఒక మెదడు భాగం చురుకు తగ్గినట్టు అదే అధ్యయనంలో కనిపించింది.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదుటపడకపోతే డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.