అలాస్కా వెళ్లిరండి, 401కె జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: నా వయసు 67, మా ఆవిడకి 62. డాలస్‌లో ఉంటాం. నేను రిటైరై ఏడాదైంది. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది, తనది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు. పెన్షన్, సోషల్ సెక్యూరిటీ కలిపి ఏడాదికి 74,000 డాలర్లు వస్తాయి. నాకు మెడికేర్ (65 దాటినవాళ్ల ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్), దాని మీద మెడిగ్యాప్ ప్లాన్ జి అనే అదనపు పాలసీ. తనకి ప్రభుత్వ సబ్సిడీతో కొన్న మార్కెట్‌ప్లేస్ హెల్త్ ప్లాన్. జూన్ 10న ఆర్‌వీలో (ఇల్లులా ఉండే మోటార్‌హోమ్‌లో) బయల్దేరి కెనడా మీదుగా అలాస్కా చూసి సెప్టెంబరు 20కి తిరిగి రావాలని కోరిక. దారిలో కెనడాలోని బాన్ఫ్, జాస్పర్‌ పార్కుల్లో రెండు వారాలు ఆగుతాం. 85,000 డాలర్లకి వాడిన మోటార్‌హోమ్ ఒకటి చూశాం. నా 401కె రిటైర్మెంట్ ఖాతా నుంచి తీసి కొనేయమంటారా? బ్యాంకులో విడిగా 60,000 ఉన్నాయి. అప్పటికి మా వియ్యంకుడు, వియ్యపురాలు విజిటర్ వీసా మీద ఇక్కడే ఉంటారు, వాళ్లనీ తీసుకెళ్లాలని ఉంది.

జవాబు: ప్రయాణం మానుకోమని చెప్పను. ఆరోగ్యం సహకరిస్తున్నప్పుడే ఇలాంటివి చేయాలి. కానీ మీ ఉత్తరంలో బండి ధర ఉంది, రూటు ఉంది, ఆగే ఊళ్లు ఉన్నాయి. బోర్డర్ దాటగానే ఏవేవి పనిచేయడం మానేస్తాయో మాత్రం లేదు. ఈ ట్రిప్‌లో అసలు రిస్కు అక్కడే ఉంది.

ముందు 401కె సంగతి. 85,000 ఒకేసారి తీస్తే కంపెనీ 20 శాతం ట్యాక్స్ కింద పట్టుకుని 68,000 చేతిలో పెడుతుంది. చేతికి 85,000 రావాలంటే లక్షకి పైనే తీయాలి, ఎందుకంటే ఆ డబ్బులో కొంత 12 శాతం శ్లాబులో, కొంత 22 శాతం శ్లాబులో పడుతుంది. అది కూడా భరించవచ్చు అనుకుందాం. మీ ఇంట్లో పెద్ద దెబ్బ తగిలేది మీ ఆవిడ ఇన్సూరెన్స్‌కి. సబ్సిడీ లెక్కకి మీ ఇద్దరి ఆదాయం కలిపి చూస్తారు. 74,000 ఉన్నది ఒక్క ఏడాదిలో లక్షా డెబ్బై అయితే సబ్సిడీ ఎగిరిపోవచ్చు. నెలనెలా ముందుగా తీసుకున్నది కూడా ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు వెనక్కి కట్టమంటారు. అది బండి బిల్లులో కనపడదు, మరుసటి ఏప్రిల్‌లో కనపడుతుంది. తనకి మెడికేర్ రావడానికి ఇంకా మూడేళ్లుంది కాబట్టి అంతదాకా 401కె నుంచి పెద్ద మొత్తం తీయవద్దు.

అయితే అద్దెకి తీసుకుంటే చౌకా అంటారేమో. వంద రోజులకైతే కాదు. రోజుకి 200 వేసుకున్నా 20,000, దాని మీద మైలేజీ చార్జీ వేరు. కొని అమ్మేసినా దగ్గరదగ్గర అంతే అవుతుంది: టెక్సస్ సేల్స్ ట్యాక్సు 6.25 శాతం అంటే 5,300, తిరిగి అమ్మేటప్పుడు 15 శాతం తగ్గితే 12,750, మధ్యలో ఇన్సూరెన్సు, టైర్లు. రెండూ ఇంచుమించు సమానమే. అందుకే నా సలహా మూడో దారి. సియాటిల్ దాకా ఫ్లయిట్‌లో వెళ్లి అక్కడ అద్దెకి తీసుకోండి, ట్రిప్‌ని యాభై రోజులకి కుదించండి. డాలస్ నుంచి సియాటిల్ రెండు వేల మైళ్ల పైమాటే. రానూ పోనూ నాలుగు వేల మైళ్ల డ్రైవింగ్ మిగులుతుంది. అందులో మీరు కలలుగన్న రోడ్డు ఒక్క మైలు కూడా లేదు. అద్దె 10,000, మైలేజీ, పెట్రోలు, క్యాంప్‌గ్రౌండ్లు, తిండి అన్నీ కలిపి ఆ బ్యాంకు డబ్బులో 25,000 లోపల పని అవుతుంది. ఆర్‌వీ జీవితం నిజంగా నచ్చితే అప్పుడు కొనడం గురించి రాయండి. మొదటి ట్రిప్‌కే బండి కొనేసి, అది రెండేళ్లు డ్రైవ్‌వేలో కవరు కప్పుకుని కూర్చున్న ఇళ్లు నాకు కనీసం మూడు తెలుసు.

అద్దె కాంట్రాక్టులో మాత్రం రెండు లైన్లు వెతకండి. ఒకటి, కెనడాకి తీసుకెళ్లే అనుమతి. అది కాగితం మీద ఉండాలి, బోర్డర్‌లో అడిగితే చూపించాలి. రెండోది, కంకర రోడ్ల నిషేధం. అలాస్కాలోని డాల్టన్ హైవే లాంటి వాటికి చాలా కాంట్రాక్టులు ఒప్పుకోవు. వెళ్లి బండి పాడైతే ఖర్చంతా మీదే.

ఇక బోర్డర్. మెడికేర్ మామూలుగా అమెరికా బయట పనిచేయదు. కెనడా విషయంలో ఒక చిన్న మినహాయింపు ఉంది: అలాస్కాకీ మరో రాష్ట్రానికీ మధ్య దగ్గరి దారిలో, అనవసరంగా ఆగకుండా వెళుతుండగా ఎమర్జెన్సీ వచ్చి, దానికి చికిత్స చేయగల అమెరికన్ హాస్పిటల్ కన్నా కెనడా హాస్పిటల్ దగ్గరైతే కడుతుంది. చాలామంది దీన్ని సగం విని 'కెనడాలో మెడికేర్ చెల్లుతుందట' అంటుంటారు. మీరు బాన్ఫ్‌లో రెండు వారాలు ఆగాక 'దగ్గరి దారి' అనే మాట నిలబడదు. మీ ప్లాన్ జి కొంత ఆదుకుంటుంది: ట్రిప్ మొదటి 60 రోజుల్లో మొదలైన ఎమర్జెన్సీలకి, ముందు మీరు కట్టాల్సిన 250 డాలర్ల డిడక్టబుల్ పోగా 80 శాతం కడుతుంది. అయితే జీవితకాలం మొత్తానికి 50,000 మాత్రమే. కెనడా ఉత్తరాన యూకాన్‌లోని వైట్‌హార్స్‌లో ఎవరికైనా సీరియస్ అయితే విమానంలో వాంకూవర్‌కి తరలిస్తారు. ఆ ఒక్క ప్రయాణానికే ఎంత పోతుందో ఊహించండి. మీ ఆవిడ మార్కెట్‌ప్లేస్ ప్లాన్ బోర్డర్ అవతల పనిచేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. కాబట్టి ఇద్దరికీ ట్రావెల్ మెడికల్ పాలసీ తీసుకోండి. ఎమర్జెన్సీ ఎవాక్యుయేషన్ (ఇలా విమానంలో తరలించే ఖర్చు) ఉందో లేదో, బీపీ, షుగరు లాంటి పాత జబ్బులు కవర్ అవుతాయో లేదో చదివి మరీ కొనండి. దీంట్లో మాత్రం పిసినారితనం వద్దు.

బండి ఇన్సూరెన్సు అంత కష్టం కాదు. అమెరికా ఆటో పాలసీలు చాలావరకు కెనడాలోనూ చెల్లుతాయి. కెనడా నాన్ రెసిడెంట్ ఇన్సూరెన్స్ కార్డు అని ఒకటి ఉంటుంది, అద్దె కంపెనీని గానీ మీ ఇన్సూరెన్స్ కంపెనీని గానీ అడిగి ముందే తెప్పించుకోండి. విండ్‌షీల్డ్ కవరేజీ విడిగా అడగండి. అలాస్కా హైవేలో రోడ్డు పనులు జరిగేది వేసవిలోనే, ఎదురొచ్చే లారీ కంకర రాయి విసరకుండా పోదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో మోటార్‌హోమ్ ఉందా, కెనడా ఉందా అని రెండూ అడగండి. కారుకి చేసే టోయింగ్ వేరు, దీనికి వేరు.

పెట్రోలు గురించి అందరూ కంగారు పడతారు గానీ అది తేలిక లెక్క. బోర్డు మీద 170 అని ఉంటే లీటరుకి 170 కెనడా సెంట్లని అర్థం. గ్యాలన్‌కి 3.785 లీటర్లు, అంటే 6.43 కెనడా డాలర్లు. కెనడా డాలరు మన 72 సెంట్లు అనుకుంటే గ్యాలన్ 4.63 పడుతుంది. మోటార్‌హోమ్ గ్యాలన్‌కి తొమ్మిది మైళ్లు ఇస్తే ఆరు వేల మైళ్లకి సుమారు 670 గ్యాలన్లు. 3,100 డాలర్లు పక్కన పెట్టేయండి, అయిపోయింది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కార్డులు. మా క్లయింట్ ఒకాయన యూకాన్‌లోని వాట్సన్ లేక్‌లో పెట్రోలు కొట్టించుకోబోయారు. కొత్త దేశం, పెద్ద మొత్తం, బ్యాంకుకి అనుమానం వచ్చి కార్డు ఆపేసింది. తీయించాలంటే ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, ఆ ఫోన్‌కి అక్కడ సిగ్నల్ లేదు. భార్య కార్డు తీస్తే అదీ అదే అకౌంటు మీదది. వెనకాల రెండు ట్రైలర్లు ఆగి ఉన్నాయి. చివరికి పర్సులో ఉన్న కెనడా నోట్లన్నీ ఏరి 60 డాలర్ల పెట్రోలు పోయించుకున్నారు. కాబట్టి రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు పెట్టుకోండి, ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు లేనివి. లేకపోతే ప్రతి బిల్లు మీదా 3 శాతం దాకా పోతుంది. మెషీన్ 'అమెరికన్ డాలర్లలో కట్టమంటారా' అని అడిగితే వద్దనండి, ఆ మార్పిడి రేటు మీకు నష్టం. ఓటీపీ బదులు అథెంటికేటర్ యాప్ ఇంట్లోనే సెట్ చేసుకోండి. కొంత కెనడా నగదు ఉండాలి, అయితే 10,000 కెనడా డాలర్లకి చేరితే బోర్డర్‌లో చెప్పి తీరాలి.

కాగితాలకి వస్తే, మీ ఆవిడకి కెనడా వీసా అక్కర్లేదు. చెల్లుబాటులో ఉన్న ఇండియన్ పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు రెండూ చేతిలో ఉంటే చాలు. రెండింటి గడువు ఈ రాత్రే చూడండి. టెక్సస్ వాళ్లు కాబట్టి ఇదీ అడగాలి: ఇంట్లో హ్యాండ్‌గన్ ఉంటే ఇంట్లోనే ఉండాలి.

ట్రిప్ కుదించినా జూన్ 15 దారిలోనే వస్తుంది. మీరు మూడు నెలలకోసారి ఎస్టిమేటెడ్ ట్యాక్స్ కడుతుంటే ఆ వాయిదాని బయల్దేరే ముందే షెడ్యూల్ చేసేయండి. 10,000 డాలర్లు వేరే సేవింగ్స్ అకౌంట్లో వేసి, రిపేర్లూ రిపేర్ రోజుల్లో హోటలూ తప్ప దేనికీ ముట్టుకోకండి. పార్టు రావడానికి వారం పట్టే ఊళ్లు ఆ దారిలో ఉన్నాయి.

చివరికి మీ వియ్యాలవారు. వాళ్లకి అమెరికా విజిటర్ వీసా ఉన్నా కెనడాకి వేరే వీసా కావాలి. వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ కెనడాలో పనిచేస్తుందో లేదో మళ్లీ వేరే గొడవ. ఆ వయసులో ఆర్‌వీలో నలుగురు, ఒకటే బాత్రూము, అది కూడా వియ్యాలవారితో. నేనైతే వాళ్లని సియాటిల్ నుంచి ఆంకరేజ్‌కి ఫ్లయిట్ ఎక్కిస్తాను. అది అమెరికా లోపలి ప్రయాణమే, బోర్డర్ ప్రసక్తే లేదు. మీరు డ్రైవ్ చేసుకుంటూ అక్కడికి చేరండి, ఒక వారం నలుగురూ కలిసి తిరగండి, హోటల్లో వాళ్లకో గది తీసుకోండి. వాళ్ల టికెట్లకీ గదికీ అయ్యే నాలుగు వేలు కూడా 25,000లోనే సరిపెట్టవచ్చు. టికెట్లు తీసేటప్పుడు వాళ్లకి కిటికీ సీట్లు చూడండి, దిగే ముందు కొండలు బాగా కనపడతాయి.