హిట్లర్ సెక్రటరీ మాటలు రాసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

హిట్లర్ సెక్రటరీగా పనిచేసిన ట్రౌడ్ల్ యుంగే మీద వ్యాసం రాస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. ముందు ఆమె మాటల్ని కాలం వారీగా విడదీసుకో. 1947-48లో, ముప్ఫై నిండకముందే రాసుకున్న జ్ఞాపకాలు వేరు, 2001లో 81 ఏళ్ల వయసులో కెమెరా ముందు చెప్పినవి వేరు. మొదటివాటిలో హిట్లర్ మర్యాదస్తుడైన యజమాని. ముసలితనంలో ఆ రాతను తిరిగి చూసుకుని ఆమే బాధపడింది. రెంటినీ కలిపేసి ‘యుంగే ఇలా అంది’ అని రాస్తే ఆ మార్పు కనపడకుండా పోతుంది.

తర్వాత కాగితం మీద మూడు గళ్లు గియ్యి: చేసింది లేదా చూసింది, ఇతరులు చెప్పగా విన్నది, యుద్ధం అయ్యాక తెలుసుకున్నది. ప్రతి వాక్యం ఏ గడిలోదో చూడు. 1945 ఏప్రిల్ 28 రాత్రి బెర్లిన్‌లోని భూగర్భ బంకర్‌లో హిట్లర్ వీలునామా చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చేసింది ఆమే, కాబట్టి మొదటి గడి. 29 తెల్లవారుజామున 4 గంటలన్న సమయం ఆ పత్రం మీదే ఉంది, సరిచూసుకో. 30న హిట్లర్ తనను తాను కాల్చుకున్నప్పుడు తుపాకీ మోత విన్నానంది, ఆ చావును మాత్రం చూడలేదు. తోటి సెక్రటరీలతో పోల్చేటప్పుడూ జాగ్రత్త: క్రిస్టా ష్రోడర్ అప్పటికే బెర్లిన్ వదిలి వెళ్లిపోయింది, ఆఖరి వారానికి ఆమె సాక్షి కాదు. గెర్డా క్రిస్టియాన్ ఉంది.

ఎక్కువమంది పొరబడేది హిట్లర్ పెంపుడు కుక్క బ్లోండీ, అతని శాకాహార భోజనం, అర్ధరాత్రి టీ కబుర్ల దగ్గర. చదవడానికి బాగుంటాయని అవే రాసుకుంటూ పోతారు. అలాంటి ప్రతి వివరం పక్కనా ఆ నెలలో బయట ఏం జరిగిందో రాయి. 1944 మే మధ్య నుంచి జూలై 9 దాకా హంగరీ నుంచి నాలుగు లక్షలకు పైగా యూదుల్ని రైళ్లలో, చాలావరకు ఆష్విట్జ్ మృత్యు శిబిరానికే తరలించారు. ఆ వారాల్లో హిట్లర్ పరివారం ఆల్ప్స్ కొండల్లోని బెర్గ్‌హోఫ్ ఇంట్లో ఉంది. ఈ రెండూ ఒకే పేరాలో ఉండాలి, వేరువేరు పేజీల్లో కాదు.

యూదుల హత్యల గురించి ‘ఆమెకు తెలియదు’ అని మాత్రం నువ్వు రాయకు, ‘తెలియదని చెప్పింది’ అని రాయి. ఆ మాటను చివరికి ఆమే ప్రశ్నించుకుంది. తనకన్నా ఏడాది చిన్నదైన, నాజీలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచిన విద్యార్థిని సోఫీ షోల్‌ను 1943 ఫిబ్రవరి 22న మ్యూనిక్‌లో చంపేశారు. యుంగే హిట్లర్ దగ్గర కొలువులో చేరిన కొద్ది వారాలకే. షోల్ స్మారక ఫలకం చూశాక, చిన్నతనం సాకు కాదని, తెలుసుకోవాలనుకుంటే తెలుసుకోగలిగేదాన్నని యుంగే ఒప్పుకుంది. ఈ భాగాన్ని కుదించకు, ఆమె మాటల క్రమంలోనే రాయి.