రోజుకో బొమ్మ వేస్తానని ముందే పదిమందికీ చెప్పేయొచ్చా?

"రోజూ ఒక బొమ్మ గీద్దామనుకుంటున్నాను. ముందే అందరికీ ప్రకటించేయనా, గుట్టుగా మొదలుపెట్టనా? మధ్యలో ఆపేస్తే పరువు పోదా?" అని అడిగారు. ప్రకటించేయండి. కాకపోతే ఫోన్లో కాదు, రోజూ మీ మొహం చూసేవాళ్ల ముందు.

ఫోన్లో చెబితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. "ఈ రోజు నుంచి రోజుకో స్కెచ్" అని స్టేటస్ పెడతారు. పిన్ని "సూపర్ నాన్నా" అంటుంది, ఆఫీసువాళ్లు చప్పట్ల బొమ్మలు పంపిస్తారు, ఒక్క గీత గీయకుండానే కడుపు నిండిపోతుంది. 2009లో పీటర్ గోల్విట్జర్, ఆయన తోటి మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనిమీదే ప్రయోగాలు చేశారు. ఫలానా అవ్వాలన్న మన సంకల్పాన్ని ఇంకొకరు గుర్తిస్తే, దానికోసం మనం పడే పాటు తగ్గుతోందని తేల్చారు. అది పట్టుకుని "మీ లక్ష్యం ఎవరికీ చెప్పకండి" అని యూట్యూబ్ గురువులు ఊదరగొడుతుంటారు. నేనొప్పుకోను. వాళ్ల ప్రయోగంలో మా వైజాగ్ పెదజాలరిపేట మనుషులు లేరు.

పొద్దున్నే అక్కడి ఒడ్డుకెళ్లి, బోర్లించిన పడవ పక్కన కూర్చుని గీయడం నా అలవాటు. కొత్తలో, ఇసకలో పట్టా పరిచి నెత్తళ్లు ఎండేస్తున్న ఒకావిడ "ఏటి బాబూ, సర్వేకొచ్చారా?" అని అడిగింది. "కాదమ్మా, బొమ్మలు గీసుకుంటాను. ఇక రోజూ వస్తాను" అన్నాను. నా బహిరంగ ప్రకటన అంతే. ఆవిడ లైకూ కొట్టలేదు, మెచ్చుకోనూ లేదు. కానీ ఓ రోజు బద్ధకించి మర్నాడు వెళ్తే, దూరం నుంచే కేకేసింది: "నిన్న రానేదేటి? ఒంట్లో బాగోనేదా?" చుట్టూ ఉన్న నలుగురూ తలలు తిప్పారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవడం కంటే వెళ్లి గీయడమే తేలిక.

అక్కడే వల బాగుచేసే ఒక పెద్దాయన ఉంటాడు. నేల మీద కాళ్లు చాపి, వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగిపెడతాడు. ఒక చేత్తో దారం చుట్టిన సూది, రెండో చేతిలో చిన్న బద్ద. దారం ఆ బద్ద మీదుగా తిప్పి ముడేస్తే ప్రతి కన్నూ ఒకే కొలతలో వస్తుంది. ఆయన్ని నడుం దాకా గీసి చూపించాను. చాలాసేపు చూసి, "కాలు ఏదండీ? కాలు నేకుండా వలెలా కడతారనుకుంటన్నారు?" అన్నాడు. అని ఊరుకోలేదు, నాకు కనబడేలా పక్కకి జరిగి కూర్చుని, "ఇప్పుడు గీయండి" అన్నాడు. ఎన్ని హార్ట్ సింబళ్లు పడితే ఆ మాట వస్తుంది చెప్పండి? ఈలోగా ఓ కుర్రాడొచ్చి "అంకుల్, కాస్త జరగరా, రీల్ తీసుకోవాలి" అన్నాడు. సముద్రం అంత పొడవునా ఖాళీగా ఉంటే వీళ్లకి నేను కూర్చున్న జానెడు జాగాయే కావాలి!

పరువు సంగతంటారా, ఎప్పటిదాకా గీస్తారో కూడా ముందే చెప్పేస్తే ఆ గొడవే ఉండదు. మన తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోటు కదలకపోతే పరువు పోయిందని జాలరిపేటలో ఎవరూ అనుకోరు. ఒక్క రోజు తప్పితే వ్రతభంగమైనట్టు గుండెలు బాదుకునేది మనమే. ఆన్ కవారా అనే జపాన్ చిత్రకారుడు 1966 జనవరి 4న మొదలుపెట్టి, ఏ రోజు వేస్తే ఆ రోజు తేదీనే బొమ్మగా వేసేవాడు. అర్ధరాత్రి లోపు పూర్తి కాకపోతే దాన్ని నాశనం చేసేసేవాడు. అంత పట్టుదల మనిషి కూడా ప్రతి రోజూ వేయలేదు. దాదాపు యాభై ఏళ్లలో ఆయన వేసినవి ఇంచుమించు మూడు వేలు, లెక్క మీరే వేసుకోండి.

ఆ మూడు వేలల్లో వైజాగ్ ఒడ్డున కూర్చుని వేసింది ఒక్కటీ ఉండదులెండి, ఉంటే ఆయన కాగితం గురించి కూడా చెప్పేవాడు. ఇక్కడి ఉప్పుగాలికి ఎంత ఖరీదైన స్కెచ్‌బుక్ అయినా గంటలో మెత్తబడిపోతుంది, ఇంకు పాకిపోతుంది. షాపువాడు "ఇంపోర్టెడ్ సార్" అంటే నమ్మకండి. పిల్లల పరీక్ష అట్టకి నాలుగు తెల్ల కాగితాలు క్లిప్పు పెట్టి, పెన్సిల్ పట్టుకెళ్లండి. కూర్చునేటప్పుడు మాత్రం మీ నీడ ఎండేసిన చేపల మీద పడకుండా చూసుకోండి. ఆవిడ ఊరుకోదు.