పర్చేజ్ వాళ్లకు ఆన్‌లైన్ కోర్సు కొనేముందు పాత పీఓలు (కొనుగోలు ఆర్డర్లు) తీసి చూడండి

మీ ఫ్యాక్టరీలో పర్చేజ్, స్టోర్స్ కలిపి 9 మంది ఉన్నారు, ఎండీ గారు ఆన్‌లైన్ ట్రైనింగ్ ఇప్పించమన్నారు, ఏ కోర్సు మంచిది అని అడిగారు. నేను బాలానగర్‌లో మెషీన్ విడిభాగాలు చేసే కంపెనీలో 17 ఏళ్లుగా పర్చేజ్ చూస్తున్నాను. ఈ పని నా మీద పడినప్పుడు మొదటిసారి తప్పు చేశాను. ముందు అదే చెబుతాను.

పేరున్న ఒక విదేశీ కోర్సు చూసి, మా 12 మందికీ ఒకేసారి లాగిన్లు కొనేశాను. రెండు నెలల తర్వాత చూస్తే పూర్తి చేసింది ఇద్దరే. మనవాళ్లకు శ్రద్ధ లేదని కోపం వచ్చింది. ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడాక అసలు సంగతి తెలిసింది. పగలంతా వెండర్ల ఫోన్లతోనే సరిపోయేది, రాత్రి ఇంటికెళ్లాక పిల్లల హోంవర్క్ మధ్యలో వీడియోలు పెట్టుకునేవారు. స్టోర్స్‌లో 20 ఏళ్ల అనుభవమున్న పెద్దాయనకైతే ఆ ఇంగ్లిష్ వేగం అందలేదు. కుర్రాళ్ల ముందు ఆ మాట చెప్పుకోలేక ఊరుకున్నారు. ఆయన్ని అలా ఇబ్బంది పెట్టానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పూర్తి చేసిన ఇద్దరిలో ఒక అబ్బాయి నేర్చుకున్నది వెంటనే అమల్లో పెట్టాడు. పేమెంట్ గడువు ఎంత పెంచితే కంపెనీ చేతిలో డబ్బు అంత ఆడుతుందని కోర్సులో చెప్పారు. జీడిమెట్లలో మాకు జాబ్‌వర్క్ చేసే చిన్న షెడ్డు యజమానితో మాట్లాడి 45 రోజుల్ని 90 చేశాడు. శభాష్ అన్నది కూడా నేనే. కానీ ఆ షెడ్డు ఉద్యమ్‌లో (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు పోర్టల్) నమోదైన సూక్ష్మ సంస్థ. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం అలాంటివాళ్లతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. దీనికి తోడు 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షన్ కింద కొత్త క్లాజు వచ్చింది. గడువు దాటాక కట్టిన బిల్లును డబ్బు కట్టిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాలి. ఇదంతా ఆడిటర్ పట్టుకుంటే గానీ మాకు తట్టలేదు. అబ్బాయి తప్పేం లేదు. ఆ పాఠం మన చట్టాలు చూసి తయారైంది కాదు, అది గమనించాల్సింది నేను.

రెండోసారి కోర్సుల జోలికి వెళ్లకుండా, ముందుగా ఒక ఏడాది పీఓలు, జీఆర్ఎన్‌లు (సరుకు అందినట్టు రాసే రసీదులు), డెబిట్ నోట్లు (వెండర్ బిల్లులో కోత పెట్టే చీట్లు) ముందేసుకుని డబ్బు ఎక్కడ కారిపోతోందో చూశాం. ఒక ఇంపోర్ట్‌కు రెండు కొటేషన్లు వస్తే, రేటు తక్కువని ఎక్స్‌వర్క్స్ (వాళ్ల గేటు దగ్గరే సరుకు అప్పగించే) కొటేషన్ తీసుకున్నాం. రెండోది సీఐఎఫ్, అంటే మన పోర్టు దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ ఆ రేటులోనే. వాళ్ల గేటు నుంచి పోర్టు దాకా రవాణా, అక్కడి ఎక్స్‌పోర్ట్ క్లియరెన్స్, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి చూస్తే వదిలేసిన సీఐఎఫ్ కొటేషనే చవక. దీనికి ఆరు నెలల కోర్సు అక్కర్లేదు. ఇన్‌కోటర్మ్స్ 2020లోని (అంతర్జాతీయ వ్యాపారంలో ఏ ఖర్చు, రిస్కు ఎవరిదో చెప్పే నియమాలు) 11 పదాలు ఉదాహరణలతో నేర్పే చిన్న కోర్సు, అదీ ఇంపోర్ట్స్ చూసే ఇద్దరికి చాలు. పాత పాఠాలు అంటగట్టేవాళ్లుంటారు, జాగ్రత్త. అందులోని డీఏటీని (టెర్మినల్‌లో దించి అప్పగించడం) ఇంకా వాడుకలో ఉన్న పదంలా చెబుతుంటే ఆ కోర్సు వదిలేయండి. 2020లో దాని బదులు డీపీయూ (చెప్పిన చోట దించి అప్పగించడం) వచ్చింది.

జూనియర్లకు కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లోని ఎన్‌పీటెల్ (ఐఐటీల వాళ్లు నడిపే) కోర్సులు పెట్టాం. పాఠాలు ఉచితం, మావాళ్లు రాసినప్పుడు పరీక్ష ఫీజు 1000 రూపాయలు. వారం వారం అసైన్‌మెంట్‌కు గడువు ఉంటుంది, చివరి పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఆ కాస్త టెన్షన్ ఉండబట్టే పూర్తి చేశారని నా నమ్మకం.

అమెరికాలోని ఎంఐటీ వాళ్ల మైక్రోమాస్టర్స్ (సప్లై చైన్ మీద ఆన్‌లైన్ ప్రోగ్రామ్) చాలా మంచిది. కానీ ఐదు కోర్సులు, ఆపైన ఒక పెద్ద పరీక్ష, స్టాటిస్టిక్స్ గట్టిగా కావాలి. ప్లానింగ్ చూసే ఒక్కరికి, అదీ వాళ్లకు ఇష్టముంటేనే ఇప్పించండి. సీఐపీఎస్ అనే పర్చేజ్ సర్టిఫికెట్ బ్రిటన్ వాళ్లది, గల్ఫ్ ఉద్యోగాల్లో దానికి మంచి విలువ ఉంది. మీ 9 మందికీ మొదటి కోర్సుగా మాత్రం వద్దు.

స్టోర్స్ వాళ్లతో మేం వేరేలా చేశాం. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు, ఆఫీసు టైమ్‌లోనే, అందరం ఒకే స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లం. వీడియో ఆపి ఆపి, మా సొంత స్టాక్ లిస్టు పక్కన పెట్టుకుని తెలుగులో మాట్లాడుకున్నాం. నాన్‌మూవింగ్ ఐటమ్స్ (ఏళ్లుగా కదలని సరుకు) దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్దాయనే లేచి బోర్డు దగ్గరికి వెళ్లారు. ఏ బేరింగు ఏ సంవత్సరం ఏ ఆర్డర్ రద్దవడం వల్ల మిగిలిపోయిందో చెబుతుంటే, తర్వాతి వారం నుంచి ఇండెంట్ (సరుకు కావాలని కోరే చీటీ) పెట్టేముందు కుర్రాళ్లు ఆయన్ని అడగడం మొదలుపెట్టారు.

డబ్బు కట్టేముందు ఒక పూర్తి పాఠం చూపించమని అడగండి. ట్రైలర్ కాదు, పాఠం. దాన్ని మీరు కాకుండా, ఆ పని రోజూ చేసే మనిషితో చూపించి, మీ పీఓ ఒకటి చేతికిచ్చి ఇందులో ఏం మారుస్తావని అడగండి.

మీ 9 మందిలో ఇంపోర్ట్స్ ఎందరు చూస్తారు, సాఫ్ట్‌వేర్ శాప్ వాడతారా ట్యాలీనా, వెండర్లలో ఉద్యమ్ వాళ్లు ఎంతమంది ఉన్నారు? ఇవి రాస్తే ఎవరికి ఏది సరిపోతుందో ఇంకొంచెం వివరంగా చెప్పగలను.